రాతలో మనసు పట్టేవాళ్లు

1914 శీతాకాలంలో, ఫ్రాన్స్‌లో ఉన్న ఈవ్‌లిన్ హోవెల్ అనే ఇంగ్లీషు అధికారికి ఒక చిత్రమైన ఉద్యోగం పడింది. జర్మన్ల మీదికి తీసుకెళ్లిన భారతీయ సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలు, ఇంటి నుంచి వాళ్లకు వచ్చే ఉత్తరాలు చదవాలి. చదివి, సిపాయిల మనసు ఎలా ఉందో వారం వారం పైవాళ్లకు రాయాలి. మొదట అనుకున్నది వేరు. విప్లవకారుల కరపత్రాలు దళాల్లోకి చేరకుండా చూడమన్నారు. చూస్తుండగానే అది సైన్యం నాడి పట్టే ఆఫీసుగా మారిపోయింది. వారానికి వేల ఉత్తరాలు, ఉర్దూ, హిందీ, పంజాబీ, పష్తో, ఇంకా పహాడీ భాషలు. చదివేవాళ్లేమో కొద్దిమంది. అన్నీ విప్పి చూడటం అయ్యే పని కాదు. అందుబాటులో ఉన్నవి చదివి, అందులోంచి ఏరిన ముక్కల్ని ఇంగ్లీషు చేసి నివేదిక వెనక జతచేసేవారు. ఆ నివేదికలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఓమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలోంచి కొన్ని ఉత్తరాలు ఎంచి 1999లో పుస్తకం వేశాడు.

ఆ పుస్తకం నేను కొనుక్కున్నది చరిత్ర మీద మోజుతో కాదు. నా పనికి అది పాత పద్దు కాబట్టి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. తెర మీద ఒక్కో తెలుగు వాక్యం వస్తుంది. పాజిటివ్, నెగటివ్, న్యూట్రల్ - మూడింట్లో ఒకటి నొక్కాలి. ఈ పనిని అనొటేషన్ అంటారు. ఆ వాక్యాలు చివరికి ఎవరి యంత్రానికి మేతగా వెళతాయో మధ్యలో ఉన్న ఏజెన్సీ చెప్పదు. అంతకుముందు ఒక పత్రిక డెస్కులో పాఠకుల ఉత్తరాల పేజీ చూసేదాన్ని. పొద్దున్నే కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు బల్ల మీద కుమ్మరించి పొగిడినవి ఒక కట్ట, తిట్టినవి ఒక కట్ట, మా ఊరి బస్సు రావట్లేదన్నవి ఇంకో కట్ట కట్టేదాన్ని. అప్పుడు దానికి పేరేం లేదు. ఇప్పుడు సెంటిమెంట్ అనాలిసిస్ అంటున్నారు.

హోవెల్ దగ్గరికి మళ్లీ వస్తాను. తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని సిపాయిలకు త్వరలోనే తెలిసిపోయింది. దాంతో మాట మార్చారు. నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఎర్ర మిరప మాత్రం కాస్తే వాడుతున్నారు అన్న తరహాలో ఇంటికి రాశారు. నల్లవి అంటే మనవాళ్లు, ఎర్రవి అంటే తెల్లవాళ్లు. మనవాళ్లనే ముందుకు తోసి చంపిస్తున్నారని, ఇక ఎవర్నీ సైన్యంలో చేరనివ్వొద్దని దాని భావం. ఈ గుట్టు విప్పడానికి హోవెల్ ఆఫీసుకు పెద్ద కష్టమేమీ కాలేదు. అదే ఉత్తరం పదాల జాబితాతో నడిచే యంత్రానికి ఇస్తే? సరుకుల చిట్టీ అనుకుని న్యూట్రల్‌లో పడేస్తుంది.

అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. 1915 మొదట్లో సిపాయిలు ఉత్తరాల మధ్యలో పద్యాలు అల్లడం ఎక్కువైంది. హోవెల్ దాన్ని నివేదికలో ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. ఇలా కవిత్వంలోకి దిగడం మనసు కలత పడిందనడానికి ఆందోళన కలిగించే గుర్తని తన అంచనా రాశాడు. ఏ పదం వాడారన్నది పక్కనపెట్టి, మామూలుగా రాసే మనిషి ఉన్నట్టుండి పద్యం ఎందుకు ఎత్తుకున్నాడని అడిగినవాడు అతను. మాకు ఏజెన్సీ ఇచ్చిన సూచనల్లో కవిత్వం కనిపిస్తే దాటెయ్యమని ఉంది. “మేడమ్, కవితలొస్తే స్కిప్ కొట్టెయ్యండి, కన్ఫ్యూజన్ వద్దు” అని మా కోఆర్డినేటర్ కుర్రాడు ఫోన్‌లో కూడా చెప్పాడు. హోవెల్ కింద అయితే ఆ కుర్రాడికి ఉద్యోగం నిలిచేది కాదు.

మనవైపు ఈ పని ఫ్రాన్స్ కంటే ముందునుంచే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి ప్రెసిడెన్సీల్లో దేశభాషా పత్రికల మీద రహస్య నివేదికలు తయారయ్యేవి. మద్రాసులో ప్రభుత్వ అనువాదకులు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పత్రికలు చదివి సారాంశం ఇంగ్లీషులో రాసి ఇచ్చేవారు. 1910 ప్రాంతపు సంపుటాలకు చాంతాడంత పేరు: భారతీయుల చేతిలోని ఇంగ్లీషు పత్రికలను సి.ఐ.డి. చూసింది, దేశభాషా పత్రికలను ప్రభుత్వ అనువాదకులు చూశారు అన్న ముక్కలన్నీ ఆ పేరులోనే ఉంటాయి. లోపల అంతా శీర్షికల ప్రకారం - విదేశ రాజకీయాలు, పోలీసు, కోర్టులు, జైళ్లు, విద్య, పంటల పరిస్థితి. కోపం, సంతోషం అని గడులు లేవు. పోలీసు మీద ఏమన్నారు, కోర్టు మీద ఏమన్నారు అని విడివిడిగా ఉంటుంది, అంతే. 2004లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మిన్‌చింగ్ హూ, బింగ్ లియు కెమెరాల మీద కొనుగోలుదారులు రాసిన అభిప్రాయాల్ని బ్యాటరీ మీద ఒకటి, బొమ్మ నాణ్యత మీద ఒకటి అని విడదీసి లెక్కగట్టినప్పుడు దాన్ని కొత్త దారి అన్నారు. మద్రాసు సెక్రటేరియట్ గుమాస్తాకి చూపిస్తే ఇందులో కొత్తేముందని అడిగేవాడు.

ఆ నివేదికల వెనక చట్టం ఉంది. 1870లో శిక్షాస్మృతిలోకి 124ఏ సెక్షను వచ్చింది. రాతతో గానీ మాటతో గానీ ప్రభుత్వం మీద జనంలో విముఖత రేపడం నేరమైంది. 1897లో బొంబాయిలో తిలక్ మీద కేసు విన్న జస్టిస్ స్ట్రాచీ, ప్రభుత్వం మీద ప్రీతి లేకపోవడమే చాలన్నట్టు జ్యూరీకి చెప్పాడు. మరుసటి ఏడే చట్టం సవరించి ద్వేషం, ధిక్కారం అన్న మాటలు కూడా చేర్చారు. ప్రభుత్వ చర్యల్ని విమర్శిస్తే తప్పులేదు, ద్వేషం రేపితేనే తప్పు అని కింద ఒక వివరణ. విమర్శ ఎక్కడ ఆగి ద్వేషం ఎక్కడ మొదలైందో చెప్పాల్సిన పని అనువాదకుడి మీద, ఆ తర్వాత జడ్జి మీద పడింది. 1878 దేశభాషా పత్రికల చట్టం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీని మినహాయించారు గానీ ఈ సెక్షను నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

తెలుగులో దీని దెబ్బ ముందుగా తిన్నవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతుండగా వందేమాతరం గొడవలో బయటికి పంపేస్తే, బెజవాడ వచ్చి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టాడు. 1908లో తిరునెల్వేలిలో పోలీసులు కాల్పులు జరిపి జనాన్ని చంపితే, తెల్ల ప్రభుత్వాన్ని క్రూరమైన పులి అని సంబోధిస్తూ వ్యాసం వేశాడు. రాజద్రోహం కేసులో చివరికి మూడేళ్ల జైలు పడింది. కేసంతా ఒక పోలిక మీద నడిచిందన్నమాట. పులి అంటే పరాక్రమమని రాజుల పొగడ్తల్లో వాడతాం, ఇక్కడ తిట్టు. ఈ తేడా చెప్పడానికి ఏ పదాల జాబితా అక్కర్లేదు, అచ్చయిన వారం, ఊరి పేరు చూస్తే చాలు. జడ్జి చూసింది కూడా అదే. తీర్పు అన్యాయం. చదవడం మాత్రం తప్పు చదవలేదు.

పత్రికల్ని చదవడమే కాక లెక్కగట్టడం అనేది అమెరికాలో మొదలైంది. 1893లో జాన్ గిల్మర్ స్పీడ్ అనే ఆయన న్యూయార్క్ పత్రికల్లో మతానికి ఎన్ని కాలమ్‌లు, కుంభకోణాలకు ఎన్ని కాలమ్‌లు అని పన్నెండేళ్ల తేడాతో కొలిచి పెట్టాడు. అది మోతాదు లెక్క, మనసు లెక్క కాదు. ఆ రెండోదాన్ని శాస్త్రంగా మార్చినవాడు హెరాల్డ్ లాస్‌వెల్. మొదటి ప్రపంచ యుద్ధపు ప్రచారం మీద 1927లో పుస్తకం రాసి, రెండో యుద్ధం వచ్చేసరికి వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లోపల ఒక విభాగం నడిపాడు. దేశదేశాల పత్రికలు తెప్పించి, శిక్షణ ఇచ్చిన చదువరుల్ని కూర్చోబెట్టి, ఒక దేశం పేరో నాయకుడి పేరో కనపడినప్పుడల్లా అక్కడ మెప్పు ఉందా, నింద ఉందా, ఏదీ లేదా అని గుర్తు పెట్టించాడు. అదే వాక్యాన్ని ఇద్దరికిచ్చి ఇద్దరూ ఒకే గుర్తు పెడుతున్నారో లేదో చూడటం కూడా వాళ్లకు అలవాటే. నా మూడు బొత్తాలు అక్కడివే. ఆ బృందంలోనే ఉన్న ఇర్వింగ్ జానిస్, రేమండ్ ఫాడ్నర్ 1943లో ఒక సూత్రం కట్టారు. మెచ్చినవెన్ని, తిట్టినవెన్ని, మొత్తం ఎన్ని అన్నవి అందులో వేస్తే ఒక్క అంకె వస్తుంది. సున్నాకు పైనుంటే మెప్పు, కిందుంటే నింద. ఇవాళ ఏ సినిమా రేటింగ్ పట్టీ చూసినా ఏ పార్టీ ఆఫీసులో పెట్టిన గ్రాఫు చూసినా నాకు ఆ సూత్రమే కనిపిస్తుంది.

1942లో ఈ లెక్క కోర్టుకు కూడా ఎక్కింది. విలియం డడ్లీ పెలీ అనే అమెరికన్ ఫాసిస్టు నడిపిన పత్రిక మీద రాజద్రోహం కేసు వచ్చినప్పుడు లాస్‌వెల్ నిపుణుడిగా సాక్ష్యం చెప్పాడు. నాజీ ప్రచారంలోని 14 అంశాలు తీసుకుని పెలీ రాతలతో పోలిస్తే 1,195 చోట్ల వాటికి అనుగుణంగా, 45 చోట్ల విరుద్ధంగా ఉన్నాయన్నాడు. పెలీకి 15 ఏళ్ల శిక్ష పడింది. పెలీ మీద నాకు జాలి లేదు. కానీ బెజవాడ కేసులో వ్యాసం చదివి తేల్చారు, ఇక్కడ పట్టిక తెచ్చి చూపించారు. పట్టిక ముందు నోరెత్తి వాదించడం కష్టం. దాని వెనకా నాలాంటి చదువరులే ఉన్నారని కోర్టులో ఎంతమందికి తట్టిందో.

యంత్రం వచ్చింది 1960ల్లో. హార్వర్డ్‌లో ఫిలిప్ స్టోన్, ఆయనతో పనిచేసినవాళ్లు ‘జనరల్ ఇంక్వైరర్’ అన్న ప్రోగ్రాము రాశారు. చదవాల్సిన పాఠాన్ని కార్డుల మీద రంధ్రాలుగా పొడిచి ఐబీఎం యంత్రంలో వేయాలి. లోపల ఒక నిఘంటువు ఉంటుంది. ఒక్కో పదానికి అది ఏ కోవకు చెందుతుందో చీటీ ఉంటుంది. యంత్రం పదం తీసి, తోకలు కత్తిరించి, చీటీ అంటించి, చివర్లో ఏ కోవవి ఎన్నో చెబుతుంది. ఆ నిఘంటువు తర్వాతి రూపంలో మంచి పదాలు 1,915, చెడ్డ పదాలు 2,291. చీటీలు రాసింది మాత్రం మళ్లీ మనుషులే. (అంతకుముందే ఇల్లినాయ్‌లో చార్లెస్ ఆస్‌గుడ్ మనుషుల చేత ఒక్కో పదానికి ఏడు మెట్ల కొలబద్ద మీద మార్కులు వేయించాడు. తర్వాత దేశదేశాలు తిప్పి హిందీ, బెంగాలీ, కన్నడం దాకా తెచ్చాడు. మైసూరు దాకా వచ్చిన మనిషి మనవైపు రాలేదు.)

జనరల్ ఇంక్వైరర్ చేసిన పనుల్లో ఒకటి మాత్రం మర్చిపోలేను. లాస్ ఏంజెలెస్‌లో ష్నైడ్‌మన్, ఫార్బరో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ప్రాణం తీసుకున్నవాళ్లు వదిలి వెళ్లిన 33 ఉత్తరాలు సేకరించారు. అదే వయసు, అదే స్థితిగతుల్లో ఉన్న 33 మందిని అలాంటి ఉత్తరం ఊహించి రాయమన్నారు. తర్వాత స్టోన్ బృందం రెండు రకాల్నీ కలిపేసి ఏది అసలో, ఏది నకలో చెప్పమని యంత్రాన్ని అడిగింది. తేడా దొరికింది, ఎక్కడో అనుకోని చోట. నకలు రాసినవాళ్లు ఆలోచనల గురించి, నిర్ణయాల గురించి రాశారు. అసలు ఉత్తరాల్లో మనుషుల పేర్లు, వస్తువులు, స్థలాలు ఎక్కువ. ఇంకా, ప్రేమ అన్న మాట అసలు ఉత్తరాల్లోనే ఎక్కువసార్లు వచ్చింది. ఏ జాబితాలో చూసినా అది అన్నిటికన్నా మంచి పదాల్లో ఒకటి. మంచి చెడ్డ పదాలు కూడి తీసేసే లెక్కకు ఆ కట్ట ఇచ్చి ఉంటే ఏం చెప్పేదో అని ఇప్పటికీ ఆలోచిస్తాను.

తర్వాత ముప్ఫై ఏళ్లు చప్పగా నడిచాయి. 1997లో కొలంబియా విశ్వవిద్యాలయంలో హాట్జివాసిలోగ్లూ, మెకౌన్ చేసిన పని మాత్రం తెలివైనది. రెండు విశేషణాల మధ్య ‘మరియు’ ఉంటే రెండూ ఒక పక్షం, ‘కానీ’ ఉంటే ఎదురు పక్షాలు. వాల్‌స్ట్రీట్ జర్నల్ 1987 సంచికల్లో 2 కోట్ల 10 లక్షల పదాలు ఇలా జల్లెడపట్టి, ఏ పదం ఏ పక్షమో నూటికి తొంభై పైగా సరిగ్గా తేల్చారు. సరిగ్గా అని ఎలా తెలిసింది? అంతకుముందే 1,336 విశేషణాలకు చేత్తో గుర్తులు పెట్టి ఉంచుకున్నారు కాబట్టి.

2002లో ఒకే ఏడు రెండు పనులు బయటికొచ్చాయి. కెనడాలో పీటర్ టర్నీ, ఒక పదబంధం ‘అద్భుతం’ అన్న అర్థమున్న మాట దగ్గర ఎక్కువ కనపడుతోందా, ‘నాసిరకం’ దగ్గరా అని అల్టావిస్టా సెర్చిని అడిగాడు. 410 సమీక్షల మీద సగటున నూటికి 74 సరిపోయాయి. కార్ల సమీక్షలకు 84, సినిమాలకు 66. సినిమా ఎప్పుడూ కష్టమే. కథ ఊహకు అందకపోతే మెప్పు, స్టీరింగు ఊహకు అందకపోతే ప్రమాదం. అమెరికాలో బో పాంగ్, లిలియన్ లీ, వైద్యనాథన్ ఆ కష్టమైనదాన్నే పట్టుకున్నారు. 700 మెచ్చుకున్న సినిమా సమీక్షలు, 700 తిట్టినవి. ముందు ఇద్దరు విద్యార్థుల్ని మీకు తోచిన మంచి చెడ్డ పదాలు రాసివ్వమన్నారు. ఆ జాబితాలతో 58, 64 శాతం వచ్చింది. అంటే బొమ్మా బొరుసా వేసినదానికంటే కాస్త నయం. సమీక్షల్నే లెక్కబెట్టి చూసి ఎంచిన జాబితాలో చెడ్డ పక్షాన ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం వచ్చి కూర్చున్నాయి. దాంతో 69. ఏ పదానికి ఎంత బరువో యంత్రాన్నే నేర్చుకోమంటే దాదాపు 83. డెస్కులో ఉత్తరాలు విడదీసిన రోజుల్లో ఈ ఆశ్చర్యార్థకం సంగతి మా అందరికీ తెలుసు. మూడు వరసగా ఉన్నాయంటే ఆ కార్డు ఏ కట్టలోకి పోవాలో చదవక్కర్లేదు.

తెలుగు దాకా ఇది 2010లో వచ్చింది, అదీ కలకత్తా మీదుగా. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ ఇంగ్లీషు మంచి చెడ్డ పదాల జాబితాను బెంగాలీ, హిందీ, తెలుగుల్లోకి దింపారు. తెలుగుకు వాడిన నిఘంటువుల్లో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుది ఒకటి. 1850ల నాటి పుస్తకం. కడపలో, మచిలీపట్నంలో పండితుల్ని కూర్చోబెట్టుకుని దొర పోగుచేసిన మాటలు నూటయాభై ఏళ్ల తర్వాత మొబైల్ ఫోను బాగుందో లేదో చెప్పడానికి పనికొచ్చాయి. పనికొచ్చినంత వరకు. మన భాషలో కాదనడం క్రియ లోపలే ఉంటుంది. ఇంగ్లీషులో ‘కాదు’ అన్న మాట విడిగా దొరుకుతుంది కాబట్టి దాని తర్వాతి పదాలకు గుర్తు తగిలిస్తే సరిపోయింది. ‘నచ్చింది’, ‘నచ్చలేదు’, ‘నచ్చకపోలేదు’ - ఇవి మూడు మూడు రకాలు, జాబితాలో ఉండేది ఒక్క ‘నచ్చు’. ఇక ‘సెకండాఫ్ కాస్త తగ్గిస్తే బాగుండేది’ అన్నదాంట్లో బాగుండటమే ఉంది, బాగాలేదని చెప్పడానికి.

2017లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రాధికా మామిడి, ఆమె విద్యార్థి కలిసి తెలుగు వార్తల్లోని 5,410 వాక్యాలకు గుర్తులు పెట్టించారు. మరుసటి ఏడు అదే చోట సినిమా సమీక్షలు, పాటలు, పుస్తకాల మీద అభిప్రాయాలు కూడా చేర్చి ఇంకో సంకలనం తెచ్చారు. ఇంగ్లీషుతో పోలిస్తే గుప్పెడు. కానీ అవి తెలుగువాళ్లు తెలుగులో చదివి పెట్టిన గుర్తులు, బ్రౌను మీదుగా తిరిగొచ్చినవి కావు. ఇప్పుడొచ్చిన పెద్ద భాషా నమూనాలు జాబితా లేకుండానే వెటకారం కూడా చాలావరకు పడతాయి. ‘మా వార్డు మెంబరు గారి దయవల్ల రోడ్డు మీద చేపలు కూడా పెంచుకుంటున్నాం’ అన్నది పెడితే నెగటివ్ అనే చెప్పింది. సరిగ్గా చెబుతోందని తేల్చడానికి మళ్లీ మా బోటివాళ్లు పెట్టిన గుర్తులే పక్కన పెట్టుకుని చూస్తారు.

గుర్తు పెట్టేవాళ్లు ఎంతవరకు కలిశారో చెప్పడానికి ఒక కొలత ఉంది. జాకబ్ కోహెన్ 1960లో కట్టాడు, కప్పా అంటారు. గుడ్డిగా నొక్కినా ఎంతో కొంత కలుస్తుంది కదా, ఆ వాటా తీసేసి మిగిలింది చూపిస్తుంది. మా కప్పా పడిపోయినప్పుడల్లా కోఆర్డినేటర్ ఫోన్ వస్తుంది. ఈమధ్య పడిపోయింది ఒక ధరల వార్తల మూటతో. కర్నూలు మార్కెట్‌లో ఉల్లి క్వింటా ధర పెరిగిందన్న వాక్యం అందులో ఉంది. రాసిన విలేఖరి ఏ భావమూ పెట్టలేదు, ధర పెరిగిందన్నాడు అంతే. మా ముగ్గురిలో ఇద్దరు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉంటారు. వాళ్లు నెగటివ్ నొక్కారు. మా పుట్టింటివాళ్లు ఆలూరు వైపు ఉల్లి వేస్తారు. ధర లేక గడ్డలు చేల గట్ల మీద పారబోసిన ఏడు కూడా చూశాను. నేను పాజిటివ్ నొక్కాను.

“మేడమ్, అందరూ కొనేవాళ్లే కదా, మార్చెయ్యండి” అన్నాడు కుర్రాడు.

“అమ్మేవాళ్లెవరు బాబూ మరి?” అన్నాను.

న్యూట్రల్ అందామా అని కాసేపు బేరమాడాడు. ఒప్పుకోలేదు. ఇద్దరు ఒకవైపు ఉన్నారు కాబట్టి రూలు ప్రకారం ఆ వాక్యం నెగటివ్‌గానే పైకి వెళ్లింది. నా గుర్తు కప్పా లెక్కలో విభేదంగా మిగిలింది. తర్వాతి మూటలో టమాటా ధరలు వచ్చాయి. ఈసారి ధర తగ్గిందట.